చింతగింజల లెక్క

రాకెట్ ఎగిరే రోజు సూళ్లూరుపేట ఎట్లా ఉంటుందో ఆ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పక్కరలేదు. శ్రీహరికోట ఊరికి తూర్పున ఉంది. సుమారు 20 కిలోమీటర్ల దూరం. ముందు వెలుగు కనిపిస్తుంది. కాసేపటికి ఉరుము లాంటి మోత వస్తుంది. పిల్లలు మిద్దెలెక్కుతారు. పెద్దవాళ్ళు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తారు.

అట్లాంటి ఒక పొద్దు అనుకుందాం. ఒక ఇంటి ముందర వడ్లు ఎండబోసి ఉన్నాయి. వీధి వీధంతా వాకిళ్ళలోనే ఉంది. ఎదురింటి మేక వచ్చింది. తీరిగ్గా వడ్లు మేసింది. రాకెట్ మబ్బుల్లో కలిసిపోయింది. జనం తలలు దించారు. అప్పుడు కనిపించింది మేక. కుప్పలో పావు వంతు ఖాళీ.

"ఇంతమంది ఉండి ఒక్కరన్నా చూళ్ళేదా?" అని ఆ ఇంటావిడ కేకలు పెట్టింది.

నిజంగానే ఎవరూ చూళ్ళేదు. మేక వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది. మనసు మాత్రం ఆకాశంలో ఉంది.

ఇది రోజూ జరిగేదే. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరే ఆమెకు రాళ్ళే కనిపిస్తాయి. "ఇందులో వడ్లగింజలు ఎన్ని ఉన్నాయక్కా?" అని అడగండి. చెప్పలేదు. ఆమె కంటిలో లోపం లేదు. కంటి ముందరికి అన్నీ వస్తాయి. మనసు తాను వెదికేదాన్ని ఏరుకుంటుంది. మిగతాది చెరిగేస్తుంది. అట్లా చెరగకపోతే పని సాగదు కూడా.

మేక తిన్నది వడ్లు. పోతే పోనీ. మనసు ఇదే పని ఒక తల్లి విషయంలో చేస్తే ఏమవుతుంది?

పంటితో తెంపిన దారం

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి కోడలు ఆసుపత్రిలో ప్రసవించింది. ఆడపిల్ల. బిడ్డ పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నోట్లో అంగిలి కూడా కొంచెం చీలింది. మన వైపు దీన్ని గ్రహణం మొర్రి అంటారు.

బిడ్డను ఇంటికి తెచ్చిన రోజే ఇంట్లో విచారణ మొదలైంది.

"నీకు ఏడో నెలలో గ్రహణం వచ్చింది గదా. ఆ పొద్దు కత్తిపీట ముట్టుకున్నావా?" అని అత్త అడిగింది.

"లేదత్తా."

"గోళ్ళు గిల్లుకున్నావా? పిన్నీసు పెట్టుకున్నావా?"

"లేదు."

"కొంగు మడిచినావా? వాకిట్లోకి వచ్చినావా?"

"మీరే గదత్తా తలుపేసింది. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు గదా."

"బాగా ఆలోచించు వదినా. ఏదో ఒకటి చేసుంటావు" అంది ఆడపడుచు.

కోడలు ఏడుస్తా ఆలోచించింది. చివరికి ఒకటి గుర్తొచ్చింది. "మల్లెపూలు కట్టినాను. దారం పంటితో తెంపినట్టుండాను."

"ఆ! అదే!" అన్నారు అందరూ. విచారణ ముగిసింది.

ఆ విచారణ నడిచిన తీరు చూడండి. ఒక ప్రశ్నకు "లేదు" అంటే ఇంకో ప్రశ్న వేశారు. కత్తిపీట కాకపోతే గోరు. గోరు కాకపోతే కొంగు. కొంగు కాకపోతే దారం. దొరికేదాకా వెదికారు. దొరకగానే ఆపేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంట్లో ఉన్న ఆడమనిషి ఏదీ కొయ్యకుండా, తెంపకుండా, మడవకుండా ఉంటుందా? పది ప్రశ్నలు వేస్తే ఒకదానికైనా "అవును" రాక మానదు. ఏ కోడలైనా ఈ పరీక్ష తప్పుతుంది.

పక్కింటి కోడలు కూడా ఆ నెలల్లోనే ప్రసవించింది. చక్కటి బిడ్డ. గ్రహణం రోజు నువ్వేం చేశావని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ పొద్దు మామిడికాయ తరిగిందో, కొబ్బరికాయ కొట్టిందో ఆమెకే గుర్తు లేదు. బాగా పుట్టిన బిడ్డకు విచారణ ఉండదు. అందుకే ఆ సంగతులు ఎవరి మనసులోనూ నిలవవు. మొర్రి బిడ్డ తల్లి తెంపిన దారం మాత్రం ముప్పై ఏళ్ళైనా వీధికి గుర్తుంటుంది.

పైగా ఆ పేరు ఒకటి. గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు ఉంది. బిడ్డను చూడకముందే, పేరు వినగానే మనసు గ్రహణం వైపు పరిగెత్తుతుంది. అందుకే ఈ పాఠంలో ఇక నుంచి ఉత్త మొర్రి అనే రాస్తాం.

ముగ్గుపిండి గళ్ళు

ఆ వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఒకప్పుడు మంత్రసాని. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే. అయినా ఎవరు ఎప్పుడు నీళ్ళోసుకున్నారో, ఎవరికి ఏ నెలో ఆమెకు నోటి లెక్క. బిడ్డను చూడటానికి వచ్చింది. దారం కథ విన్నది. ఏమీ అనలేదు. అరుగు మీద కూచుని ముగ్గుపిండితో నాలుగు గళ్ళు గీసింది. వామనగుంటలు ఆడే చింతగింజలు తెమ్మంది.

"ఈ పక్క రెండు గళ్ళు గ్రహణం రోజు ఏదో ఒకటి కోసినోళ్ళవి. ఆ పక్క రెండూ ఏదీ ముట్టుకోనోళ్ళవి. పైన మొర్రి బిడ్డలు. కింద బాగున్న బిడ్డలు. ఆ పొద్దు మన రెండు వీధుల్లో కడుపుతో ఉన్నోళ్ళు ఎంతమంది? చెప్పండి."

లెక్కపెడితే ఏడుగురు తేలారు.

"నీ కోడలు దారం తెంపింది. బిడ్డకు మొర్రి. సరే." ఒక గింజ పై గడిలో పడింది.

"పులికాటు చేపలు తెచ్చి అమ్మే పిల్ల. ఆ పొద్దు అంగడి పెట్టిందా?"

"పెట్టింది. గ్రహణమని చేపలు చెడకుండా ఉంటాయా పెద్దమ్మా? పది మందికి కోసిచ్చింది."

"బిడ్డ?"

"గుండ్రాయి మాదిరి ఉండాడు."

గింజ కింది గడిలో పడింది. టైలరు పెండ్లాం ఆ పొద్దంతా కత్తెర పట్టింది. పెళ్ళివాళ్ళ రవికెలు ఇవ్వాలి మరి. బిడ్డ బాగుంది. టిఫిన్ అంగడి ఆమె తెల్లారి నుంచి ఉల్లిపాయలు తరిగింది. బిడ్డ బాగుంది. కింది గడిలో మూడు గింజలయ్యాయి. మిగిలిన ముగ్గురూ తలుపులేసుకుని ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ బిడ్డలూ బాగున్నారు. అవతలి కింది గడిలో మూడు గింజలు.

నాలుగో గడి ఖాళీగా ఉంది. ఏదీ ముట్టుకోకపోయినా మొర్రి బిడ్డ పుట్టిన తల్లుల గడి అది.

పెద్దమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత తనే ఒక గింజ తీసి అందులో పెట్టింది. "ఇది ఈ గ్రహణం లెక్క కాదు. చానా ఏళ్ళ నాటిది. ఎవరని అడగొద్దు. ఆ ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టినారు. ఊరగాయ జాడీల మీద దర్భలేసినారు. ఆ తల్లి కదలకుండా పడుకునింది. అయినా మొర్రి బిడ్డే పుట్టింది. మూడేళ్ళు బయటికి చూపించలేదు. అందుకే మీకు తెలీదు."

అత్త కింది గడి వైపు చూసింది. "అయితే ఈ మూడు గింజలూ ఇన్నాళ్ళూ యాడున్నాయి పెద్దమ్మా?"

"ఈ వీధిలోనే తిరగతా ఉండాయి. నువ్వు రోజూ చేపలు కొనేది ఆ పిల్ల దగ్గిరే గదా."

ఒక మాట చెప్పాలి. ఏడు గింజల లెక్క చాలా చిన్నది. దీనితో ఏదీ రుజువు కాదు. అట్లాగే ఒక్క దారంతోనూ ఏదీ రుజువు కాదు. పెద్దమ్మ చేసిన మేలు ఒకటే. ఇంటివాళ్ళు ఒక్క గడినే చూస్తుంటే ఆమె నాలుగు గళ్ళూ చూపించింది.

పెదవి ఎప్పుడు కుదురుతుంది?

ఇప్పుడు డాక్టర్లు ఏం చెబుతారో చూద్దాం. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచి పెరిగి మధ్యలో కలుస్తుంది. రెండు గుడ్డముక్కలు అంచులు కలిపి కుట్టినట్టు. పై పెదవి 4 నుంచి 7 వారాల మధ్య కలుస్తుంది. అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య కలుస్తుంది. ఆ సమయంలో సరిగా కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. అదే మొర్రి.

వారాలు గమనించారా? నెల తప్పిందని చాలామందికి గట్టిగా తెలిసేలోపే పెదవి పని దాదాపు అయిపోతుంది. మూడో నెల నిండేసరికి అంగిలి పని కూడా అయిపోతుంది. ఏడో నెలలో గ్రహణం వచ్చినా, పిడుగు పడినా, కలిసిన పెదవి తిరిగి చీలదు. ఆ కోడలు దారం తెంపేనాటికి బిడ్డ పెదవి ఎట్లా ఉండాలో అట్లా ఉండి నాలుగు నెలలు దాటింది.

మరి కారణం ఏమిటి? ఒక్క కారణం అని చెప్పలేరు. వంశంలో ఉంటే రావచ్చు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగితే ప్రమాదం పెరగవచ్చని డాక్టర్లు అంటారు. తల్లి పొగ తాగితే, మద్యం తాగితే ప్రమాదం పెరుగుతుంది. మూర్ఛకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. (మూర్ఛ మందు వాడేవాళ్ళు తమంతట తాము మానేయకూడదు. బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరును అడగాలి.) చాలామంది విషయంలో ఏ కారణమూ తేలదు. ఎవరి తప్పూ లేకుండానే వస్తుంది. దాదాపు వెయ్యి మంది పిల్లలు పుడితే ఒకరిద్దరికి వస్తుంది.

ఆ ఇంటి సంగతికి మళ్ళీ వద్దాం. అక్కడ మేనరికం ఉంది. మామ నోట్లో పొద్దస్తమానం చుట్ట ఉంది. ఇవే కారణమని ఎవరూ అనలేరు. కానీ విచారణ జరిగినప్పుడు ఈ రెండూ ఎవరి నోటా రాలేదు. ఎందుకు రాలేదు? మేనరికం చేసింది పెద్దలు. చుట్ట తాగేది మామ. వెదుకులాట అటు పోలేదు. ఎదురు చెప్పలేని మనిషి వైపే పోయింది. మనసు ఎక్కడ వెదకాలో ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఇది చదివే అక్కలకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?

గ్రహణం లేని కడుపు ఉందా?

గ్రహణం అంటే నీడ. సూర్యుడికి, భూమికి మధ్య చంద్రుడు అడ్డం వస్తే సూర్యగ్రహణం. అది అమావాస్య నాడే వస్తుంది. చంద్రుడి మీద భూమి నీడ పడితే చంద్రగ్రహణం. అది పౌర్ణమి నాడే వస్తుంది. దీపానికి చెయ్యి అడ్డం పెడితే గోడ మీద నీడ పడినట్టే.

భూమి మీద గ్రహణాలు అరుదు కావు. సుమారు ఆరు నెలలకు ఒకసారి గ్రహణాల కాలం వస్తుంది. ఏటా కనీసం రెండు సూర్యగ్రహణాలు ఎక్కడో ఒక చోట పడతాయి. కాన్పుకు తొమ్మిది నెలలు. గ్రహణాల కాలానికి ఆరు నెలలు. లెక్క వేయండి. గ్రహణం తగలని కడుపు ఈ భూమి మీద లేదు! మీరు పుట్టినప్పుడూ, మీ అమ్మ పుట్టినప్పుడూ ఎక్కడో గ్రహణం పట్టే ఉంటుంది. అది మన ఊళ్ళో కనిపించకపోవచ్చు. అంతే. ఏ బిడ్డకు ఏ లోపం ఉన్నా పంచాంగం తిరగేస్తే పక్కనే ఒక గ్రహణం దొరుకుతుంది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. పట్టపగలు చీకటి పడింది. హైదరాబాదుకు దగ్గరలో జపాల్‌-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టుకుని ఆ గ్రహణాన్ని గమనించారు. ఊళ్ళలో ఎంతోమంది తలుపులేసుకుని కూచున్నారు. నీడ ఒకటే. కొందరు దాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. కొందరు అది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూశారు.

గ్రహణంతో ఒక నిజమైన ప్రమాదం ఉంది. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూస్తే కంటి లోపలి పొర కాలిపోతుంది. చూపు పోవచ్చు. ఇది గర్భిణులకే కాదు, అందరికీ. పిల్లలను ముఖ్యంగా చూడనివ్వకూడదు. చంద్రగ్రహణంతో ఆ భయం కూడా లేదు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతటా పడింది. చంద్రుడు రాగి చెంబు రంగులోకి మారాడు. ఉత్త కళ్ళతో ఎంతసేపైనా చూడవచ్చు.

కత్తి, కుందేలు, తాళంచెవి

మన వైపు గర్భిణి గ్రహణం రోజు ఇనుము ముట్టుకోకూడదు అంటారు. భూమికి ఆ పక్క మెక్సికో అనే దేశం ఉంది. అక్కడా పాతకాలం నుంచి గ్రహణం భయం ఉంది. చంద్రుణ్ణి ఏదో కొరికిందని, గర్భిణి అది చూస్తే బిడ్డ పెదవిని కూడా అట్లాగే కొరికేస్తుందని వాళ్ళ నమ్మకం. మరి కాపాడుకునేది ఎట్లా? కడుపు దగ్గర ఇనుము పెట్టుకోవాలట! తాళంచెవో, పిన్నీసో. పూర్వం రాతికత్తి పెట్టుకునేవాళ్ళు.

ఇక్కడ ఏది ముట్టుకుంటే మొర్రి అంటారో, అక్కడ అదే పెట్టుకుంటే మొర్రి రాదంటారు. మన అత్త అక్కడ పుట్టి ఉంటే కోడల్ని ఏమని అడిగేది? "ఆ పొద్దు పిన్నీసు ఎందుకు పెట్టుకోలేదే?" అని అడిగేది.

పాతకాలపు ఇంగ్లండులో గ్రహణం మాటే లేదు. గర్భిణికి కుందేలు ఎదురొస్తే బిడ్డకు మొర్రి వస్తుందని చెప్పుకునేవాళ్ళు. కుందేలు పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది కదా. వాళ్ళ భాషలో మొర్రికి పేరే కుందేలు పెదవి. ఆ ఊళ్ళలో మొర్రి బిడ్డ తల్లికి తప్పకుండా ఎక్కడో ఒక కుందేలు గుర్తొచ్చి ఉంటుంది. పొలాల నిండా కుందేళ్ళే మరి.

మొర్రి అన్ని దేశాల్లోనూ ఉంది. కత్తి ఉన్న చోటా ఉంది, కుందేలు ఉన్న చోటా ఉంది.

రోకలి పరీక్ష

ఇంకో సంగతి మన ఇళ్ళలోదే. గ్రహణం పట్టిందో లేదో చూడటానికి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపు నిలుస్తుంది, విడవగానే పడిపోతుంది అంటారు. 2019 డిసెంబర్ 26న సూర్యుడిలో చాలా భాగం మూసుకుపోయిన గ్రహణం పడింది. ఆ రోజు కూడా చాలా ఊళ్ళలో రోకళ్ళు నిలబెట్టారు. నిలిచాయి. చూసినవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు.

మరి గ్రహణం లేని రోజు ఎవరైనా నిలబెట్టారా? మీరు నిలబెట్టి చూడండి. రోకలి అడుగు చదునుగా ఉండాలి. పొన్ను వదులుగా ఉండకూడదు. రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ సర్దుకుంటూ, మెల్లగా వదలాలి. మొదటిసారి పడవచ్చు. నాలుగోసారికో పదోసారికో నిలుస్తుంది. గ్రహణం రోజు అంత ఓపిక పడతారు. మామూలు రోజు దంపుడు అయిపోగానే రోకలిని మూలకు ఆనిస్తారు. నిలబెట్టే పని ఎవరికుంది?

గ్రహణం రోజు రోకలి పడిపోతే "నేల ఎగుడుదిగుడుగా ఉంది" అంటారు. నిలిస్తే "గ్రహణం పట్టింది" అంటారు. నిలిచిన రోకలిని పదిమందికి చెబుతారు. పడినది ఇంట్లోనే ఉండిపోతుంది. పెద్దమ్మ పెట్టిన నాలుగో గింజ లాగా.

అయితే పాత మాటలన్నీ తప్పేనా? కాదు. సూళ్లూరుపేటకు దగ్గరలో నేలపట్టు ఉంది. అక్కడి చెరువులో చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ పక్షులు వస్తే పంట బాగా పండుతుందని అక్కడి వాళ్ళ మాట. దీన్నీ పరీక్షించి చూడవచ్చు. వేల పక్షుల రెట్టలు చెరువు నీళ్ళలో కలుస్తాయి. ఆ నీళ్ళు పొలాలకు పారతాయి. రెట్ట మంచి ఎరువు. వాన బాగా పడి చెరువు నిండిన ఏడాదే పక్షులూ బాగా వస్తాయి. ఈ మాట పరీక్షకు నిలిచింది. పాతదా కొత్తదా అని కాదు, నాలుగు గళ్ళూ నింపి చూశారా అనేదే ప్రశ్న.

ఉగ్గుగిన్నె

దారం దొరికిన ఇంట్లో ఇంకో సంగతి ఎవరికీ కనిపించలేదు. బిడ్డ చిక్కిపోతోంది.

అంగిలి చీలిన బిడ్డ చప్పరించి పాలు తాగలేదు. నోట్లో పట్టు చిక్కదు. పాలు ముక్కులోంచి వస్తాయి. తాగి తాగి అలిసి నిద్రపోతుంది. కడుపు నిండదు. ఇంట్లో అందరూ బిడ్డ పెదవిని చూశారు. తల్లి చేసిన తప్పును చూశారు. శాపం అనుకున్నారు. బిడ్డ బరువు చూసినవాళ్ళు లేరు. పదిహేను రోజులు అట్లా గడిచాయి.

ఆశా కార్యకర్త వచ్చి తూకం వేసింది. పుట్టినప్పటి కన్నా తక్కువ ఉంది. ఆమె దారం సంగతి అడగలేదు. "ఉగ్గుగిన్నె ఉందా?" అని అడిగింది.

తల్లి పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండాలి. బిడ్డను పడుకోబెట్టకుండా తల ఎత్తి కూచోబెట్టినట్టు పట్టుకోవాలి. ఉగ్గుగిన్నెతో గానీ, చెంచాతో గానీ కొంచెం కొంచెంగా పట్టాలి. మధ్య మధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వాలి. గిన్నె, చెంచా వేడినీళ్ళలో మరగబెట్టాలి. ఇట్లాంటి పిల్లలకు చెవిలో చీము పట్టడం కూడా ఎక్కువ. చెవి పట్టుకుని ఏడిస్తే వెంటనే చూపించాలి.

పెదవికి ఆపరేషన్ ఉంది. బిడ్డకు మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య, బరువు వచ్చి, రక్తం బాగున్నప్పుడు చేస్తారు. అంగిలికి సుమారు తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపల చేస్తారు. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. ఆలస్యమైనా మానకూడదు, పెద్దవాళ్ళకు కూడా చేస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013లో ప్రభుత్వం మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించి ఉచితంగా వైద్యం చేయించే కార్యక్రమం ఇది. మొర్రి అందులో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో, అంగన్‌వాడీలో అడగవచ్చు.

ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ జిల్లాకు చెందిన పింకీ అనే పాప మొర్రితో పుట్టింది. తోటి పిల్లలు ఆడుకోనిచ్చేవాళ్ళు కాదు. వారణాసిలో ఉచితంగా ఆపరేషన్ చేశారు. ఆమె కథతో తీసిన 'స్మైల్ పింకీ' అనే చిన్న సినిమాకు 2009లో ఆస్కార్ బహుమతి వచ్చింది.

మన కథలో ఇంటికి వెళ్దాం. గోడకు క్యాలెండరు ఉంది. అందులో గ్రహణం తేదీ ఎర్రగా అచ్చేసి ఉంది. కోడలు ఈ మధ్యనే అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. ప్రతి సోమవారం గడిలో పెన్సిలుతో బిడ్డ బరువు రాయసాగింది. 2 కిలోల 600. 2 కిలోల 900. 3 కిలోల 200. ఒక వారం పెరగలేదు. ఆ వారం జలుబు అని పక్కన రాసింది.

అత్తకు చదువు రాదు. అయినా సోమవారం సోమవారం క్యాలెండరు దగ్గరికి వచ్చి నిలబడేది. "ఈ వారం ఎంతే?" అని అడిగేది.

4 కిలోల 600 అయిన రోజు ఇద్దరూ బిడ్డను ఎత్తుకుని బస్సెక్కారు.

మాట్లాడుకోండి

మీ వీధిలో గ్రహణం రోజు పని మానలేని ఆడవాళ్ళు ఎవరెవరు? వాళ్ళ బిడ్డలు ఎట్లా ఉన్నారు?

"పిల్లి ఎదురొస్తే పని చెడుతుంది" అనే మాటకు నాలుగు గళ్ళు గీయండి. ఒక నెల పాటు గింజలు వేయండి. ఏ గడిలో ఎన్ని పడ్డాయో అంకెల్లో రాయండి.

మీ ఇంట్లో ఏదైనా చెడు జరిగినప్పుడు మొదట ఎవరిని అడుగుతారు? ఎవరిని అడగరు?